పిల్లల పేజీలో ఇంకాలు: బంగారం సరే, పాలన ఏది?

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం మీ పిల్లల పేజీలో దక్షిణ అమెరికాలోని ఇంకా సామ్రాజ్యం మీద వేసిన వ్యాసం మా స్కూలు పిల్లలే తెచ్చి నాకు చూపించారు. బందీ అయిన రాజు విడుదల కోసం బంగారం నింపిన గది, మచు పిక్చు, స్పెయిన్ సేనాని పిజారో చేసిన మోసం, అక్కడికి పేజీ అయిపోయింది. బొమ్మలు బాగున్నాయి, కాదనను. కానీ అది చదివిన ఎనిమిదో తరగతి పిల్లాడొకడు నన్నో ప్రశ్న అడిగాడు. "సార్, వాళ్లకి గుర్రాల్లేవు, బండ్లు లేవు, డబ్బుల్లేవు, రాయడం కూడా రాదు అని వేసినారు కదా, మరి అంత పెద్ద రాజ్యాన్ని ఎట్ల ఏలినారు?" దానికి మీ వ్యాసంలో ఒక్క వాక్యం జవాబు కూడా లేదు. చోటు చాలక వదిలేశారో, పాలన అంటే పిల్లలకి బోరు కొడుతుందని వదిలేశారో తెలీదు. బోరు కొట్టదండీ. నేను సోషల్ చెప్పేవాణ్ని, కాబట్టి ధైర్యంగానే అంటున్నా. ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది. కత్తిరించక తప్పకపోతే నా సణుగుడు కత్తిరించండి, విషయం మాత్రం ఉంచండి.

ముందు ఒక సవరణ. ఫొటో కింద మచు పిక్చుని రాజధాని అని వేశారు. రాజధాని కుస్కో. సముద్రమట్టానికి దాదాపు 3,400 మీటర్ల ఎత్తులో ఉంది, ఇప్పటికీ పెరూలో లక్షల మంది బతుకుతున్న ఊరది. మచు పిక్చు పచాకుటి అనే రాజు కట్టించుకున్న విడిది అని చరిత్రకారుల మాట. ఈ పచాకుటి 1438 ప్రాంతంలో గద్దెనెక్కాకే, కుస్కో లోయ చుట్టుపక్కల ఉన్న చిన్న రాజ్యం ఉబ్బడం మొదలైంది. ఆయన కొడుకు టోపా ఇంకా, మనవడు వైనా కపాక్ కాలానికి ఇప్పటి కొలంబియా దక్షిణపు అంచు నుంచి చిలీ మధ్యభాగం దాకా, సుమారు 4,000 కిలోమీటర్ల పొడవున, పడమట ఎడారి తీరం, నడుమ ఆండీస్ కొండలు, తూర్పున అమెజాన్ అడవి అంచు, ఇదంతా ఒక్క రాజు కిందికి వచ్చేసింది. జనాభా కోటి దాకా ఉండేదని చాలామంది అంచనా. ఇంత చేసి మొత్తం వైభవం వందేళ్లు కూడా లేదు.

పిల్లలకి కాలం గుర్తుండాలంటే మనకి తెలిసిన పేరు పక్కన పెట్టాలి. అక్కడ వైనా కపాక్ ఏలుతున్న రోజుల్లోనే ఇక్కడ శ్రీకృష్ణదేవరాయలు (1509–1529) ఏలుతున్నాడు. రాయలవారు పోర్చుగీసు వాళ్ల దగ్గర గుర్రాలు కొనడానికి బంగారం కుమ్మరించాడు, ఇక్కడ వరహాలు చెల్లుతున్నాయి, శాసనాలు చెక్కిస్తున్నారు. అక్కడ వైనా కపాక్‌కి గుర్రం అంటే ఏమిటో తెలీదు, నాణెం లేదు, లిపి లేదు. మోసే జంతువు అంటే లామా ఒక్కటే, అది కూడా పాతిక ముప్పై కిలోలకి మించితే కూలబడిపోతుంది. ఇలా పక్కపక్కన పెట్టి చెప్తే చాలు, క్లాసులో చేతులు లేస్తాయి.

సరే, ఎలా ఏలారు? రాజ్యాన్ని నాలుగు భాగాలు చేశారు. నాలుగింటి సరిహద్దులూ కుస్కో నడిబొడ్డున కలుస్తాయి. ఒక్కోదానికి ఒక పెద్ద అధికారి, మామూలుగా రాజుగారి దగ్గరి బంధువే. దాని కింద రాష్ట్రాలు, వాటి కింద కుటుంబాల లెక్క. ఇక్కడే వాళ్ల బుర్ర చూడాలి. పది కుటుంబాలకి ఒకడు బాధ్యుడు, యాభైకి ఒకడు, వందకి ఒకడు, ఐదొందలకి, వెయ్యికి, ఐదువేలకి, చివరికి పదివేల కుటుంబాలకి ఒకడు. వందని పచకా అనేవాళ్లు, వెయ్యిని వరంకా, పదివేలని హును. వందా ఆపైన ఉన్నవాళ్లని కురాకాలు అనేవాళ్లు, చాలాచోట్ల ఆ ఊరి పాత పెద్దలే వాళ్లు. ఎవరి కింద ఎంతమంది పుట్టారు, ఎంతమంది పోయారు, పనికొచ్చే వయసు వాళ్లెందరు, అన్నీ పైకి లెక్క చెప్పాలి. ఊళ్లు ఎప్పుడూ పదుల్లో వందల్లో అమరవు కదా, అందుకని ఈ అంకెలు కాగితం మీద ఉన్నంత నున్నగా నేల మీద ఉండేవి కావు, కొన్ని రాష్ట్రాల్లో అసలు పూర్తిగా పెట్టనే లేదు. అయినా లెక్క అడగడం మాత్రం ఆగలేదు. పైగా తోకొయ్‌రికోక్ అని రాజు మనుషులు ఊళ్ల మీద పడి చూసిపోయేవాళ్లు. అన్నీ చూసేవాడు అన్నట్టు, మన ఇన్‌స్పెక్షన్ లాంటిదే, టెన్షన్ కూడా అంతే ఉండి ఉంటుంది!

కాగితం అన్నాను కానీ వాళ్లకి కాగితమే లేదు. లెక్కలన్నీ తాళ్ల మీదే. దాన్ని కిపు అంటారు. ఒక లావుపాటి అడ్డతాడు, దానికి వరసగా వేలాడే సన్నతాళ్లు, పత్తివో, లామా జాతి జంతువుల బొచ్చువో, రంగురంగులవి. ఆ సన్నతాళ్లకి ముడులు. ఇది క్లాసులో చెప్తే ఎవరికీ ఎక్కలేదు, పురికొస తెప్పించి చేయించాక ఎక్కింది. 352 అనుకోండి. తాడు పైభాగంలో మూడు మామూలు ముడులు, అవి వందలు. కొంచెం కిందికి దిగి ఐదు మామూలు ముడులు, అవి పదులు. అట్టడుగున ఒకట్ల స్థానం. అక్కడ ముడి వేరు, తాడుని దాని మీదే రెండుచుట్లు తిప్పి బిగించిన పొడుగుముడి. అదే ఏడైతే ఏడు చుట్లు. ఒక్క చుట్టుతో పొడుగుముడి పడదు కాబట్టి ఒకటికి మాత్రం ఎనిమిది అంకె ఆకారంలో వేరే ముడి వేసేవాళ్లు. ఒకట్ల ముడి వేరుగా ఉండడంతో అంకె ఎక్కడ ముగిసిందో చేత్తో తడిమినా తెలిసిపోతుంది. వెంటనే ఒక పాప, "మరి 302 ఎట్ల సార్?" అంది. పదుల చోట ఏ ముడీ వెయ్యకుండా ఖాళీ వదిలేస్తారమ్మా, అంతే. సున్నా మన సొత్తు అని బల్ల గుద్ది చెప్పే నాకు, ఆ ఖాళీ జాగా దగ్గర కాసేపు నోరు పడిపోయింది.

ఈ అంకెల గుట్టు విప్పింది లీలండ్ లాక్ అనే అమెరికన్, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో. అయితే అంకెలు కాని కిపులు కూడా ఉన్నాయి. వాటిలో కథలున్నాయా, పేర్లున్నాయా అని పండితులు ఇప్పటికీ కుస్తీ పడుతూనే ఉన్నారు. కిపులు కట్టి, చదివి, దాచేవాళ్లని కిపుకమాయోక్‌లు అనేవాళ్లు. మన ఊరి కరణం చేతిలో దస్త్రానికి బదులు తాళ్లకట్ట ఉన్నట్టు ఊహించుకోమని పిల్లలకి చెప్పండి.

ఇక పన్ను. డబ్బే లేనిచోట పన్నేం కడతారు? పని కడతారు. ప్రతి కుటుంబం ఏడాదిలో కొంతకాలం వంతులవారీగా రాజ్యం పని చెయ్యాలి, దీన్ని మిటా అనేవాళ్లు. రోడ్డు వెయ్యడం, వంతెన అల్లడం, రాజుగారి పొలం దున్నడం, గుడి పొలం దున్నడం, బట్ట నెయ్యడం, సైన్యంలో నడవడం. ఇది చదవగానే మన పాఠకులకి ఒకే మాట గుర్తొస్తుంది, వెట్టి. నేనూ మొదట పిల్లలకి వెట్టిచాకిరీ అనే చెప్పేవాణ్ని. అది పూర్తిగా తప్పు కాదు, ఎందుకంటే కుదరదు అనే హక్కు ఎవరికీ లేదు. కానీ ఒక తేడా ఉంది. పని చేసినన్నాళ్లూ తిండి రాజ్యానిదే, పనిముట్లు రాజ్యానివే, నెయ్యడానికి ఉన్ని కూడా రాజ్యమే ఇస్తుంది, పని అయ్యాక మొక్కజొన్న కల్లు పోసి విందు పెట్టడం రాజు బాధ్యత. పెట్టకపోతే రాజుకే పరువు తక్కువ. మన దొరల గడీల్లో వెట్టికి ఆ మాత్రం మర్యాద కూడా ఉండేది కాదని పెద్దవాళ్లు చెప్పగా విన్నవాళ్లకి ఈ తేడా అర్థమవుతుంది. తర్వాత స్పెయిన్ వాళ్లు మిటా అన్న పేరు అలాగే ఉంచి, విందు తీసేసి, జనాన్ని పొటోసీ వెండి గనుల్లోకి తోలారు. అప్పుడు అది నిఖార్సయిన వెట్టి అయింది.

విందులకీ సైన్యానికీ తిండి ఎక్కడిది అంటే, కొల్కాలు. కొండవాలు మీద గాలి తగిలేచోట వరసలు వరసలుగా కట్టిన రాతి గోదాములు. వానుకో పంపా అనే ఒక్క ఊరి పైన కొండ మీదే దాదాపు 500 ఉన్నాయి, ఇప్పటికీ గోడలు కనబడతాయి. గుండ్రటి వాటిలో ఎక్కువగా మొక్కజొన్న, పొడుగు వాటిలో ఆలుగడ్డలు. ఆలుగడ్డల్ని రాత్రి మంచులో గడ్డకట్టించి, పగలు ఎండలో పెట్టి కాళ్లతో తొక్కి నీళ్లు పిండేసి ఎండబెడితే ఏళ్ల తరబడి పాడవవు. దాన్ని చూన్యో అంటారు, ఆండీస్ సంతల్లో ఇప్పటికీ అమ్ముతారు. (మా అనంతపురం పిల్లలకి ఇంకొకటి చెప్తాను, మన వేరుశనగ కూడా ఆ ఖండం నుంచి వచ్చిందే అని. మొదటిసారి ఎవరూ నమ్మరు.) తిండితో పాటు బట్టలు, చెప్పులు, ఆయుధాలు, తాళ్లు కూడా గోదాముల్లోనే. మీ వ్యాసమంతా బంగారం బంగారం అని రాశారు కానీ, వాళ్ల దృష్టిలో మేలురకం నేతబట్ట బంగారం కంటే తక్కువదేం కాదు. సైనికుడికి బహుమానం బట్ట, లొంగిన నాయకుడికి రాజు పంపే కానుక బట్ట.

ఈ గోదాముల గురించి ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. హౌహా అనే చోట పెద్ద గోదాములు ఉండేవి, అక్కడి జాతి పేరు వాంకా. వీళ్లకి ఇంకాల రాజులంటే పడదు, అందుకని 1533లో పిజారో రాగానే చేతులు కలిపి తిండి, లామాలు, కూలీలు అన్నీ ఇచ్చారు. ఇచ్చి ఊరుకోలేదు, ఇచ్చిన ప్రతిదాన్నీ ముడులేసుకున్నారు. పాతికేళ్లు గడిచాక, 1558 నుంచి, ఆ కిపులు పట్టుకుని లిమాలో స్పెయిన్ వాళ్ల కోర్టుకే వెళ్లి, ఫలానా ఏడు మీకు ఇన్ని మొక్కజొన్నలిచ్చాం, ఇన్ని లామాలిచ్చాం, ఇన్ని జతల చెప్పులిచ్చాం, మీతో వచ్చినవాళ్లలో ఇంతమంది తిరిగి రాలేదు అని చదివి వినిపించారు. మేమిచ్చింది వేరు, మీవాళ్లు దోచుకున్నది వేరు అని కూడా వేరువేరుగా లెక్క. స్పెయిన్ గుమాస్తాలు అదంతా కాగితం మీదికి ఎక్కించుకున్నారు, అందుకే మనకి తెలిసింది. రాజులు పోయారు, రాజ్యం పోయింది, లెక్క రాసే అలవాటు పోలేదు. బంగారు గది కంటే ఇది గొప్ప కథ కాదా, మీరే చెప్పండి.

రోడ్ల గురించి మీరు ఒక లైను వేశారు, సంతోషం. మొత్తం 30,000 కిలోమీటర్ల పైమాటే. 2014లో యునెస్కో గుర్తించింది, ఇప్పుడు ఆరు దేశాల్లో ఉంది. చక్రం బండి లేదు కాబట్టి నిటారుగా ఉన్నచోట మెట్లే కట్టేశారు. ఒక రోజు నడక దూరానికి ఒక సత్రం. మధ్యమధ్యలో చిన్న గుడిసెలు, వాటిలో చాస్కీలు, అంటే పరిగెత్తే తపాలా కుర్రాళ్లు. ఒకడు శంఖం ఊదుకుంటూ వస్తాడు, అది విని రెండోవాడు లేచి పక్కనే పరుగు అందుకుంటాడు, పరుగులోనే నోటిమాట అప్పజెప్పి కిపు చేతిలో పెట్టేస్తాడు. ఇలా రోజుకి 240 కిలోమీటర్ల దాకా కబురు వెళ్లేదని చెప్తారు. అనంతపురం నుంచి పొద్దున బయల్దేరిన మాట మర్నాటికి బెంగళూరు దాటిపోయినట్టు, అదీ కొండల మీద. కానీ ఇవి జనం రోడ్లు కావు. రాచకార్యం ఉంటేనే ఎక్కాలి, ఊరికే చుట్టాలింటికి పోతానంటే కుదరదు.

లోయలు దాటడానికి గడ్డితో అల్లిన వంతెనలు. ఒకటి ఇప్పటికీ ఉంది, అపురిమాక్ నది మీద, కెస్వాచాకా అంటారు. చుట్టూ ఉన్న నాలుగు ఊళ్ల వాళ్లు ఏటా జూన్‌లో పాతది కోసేసి కొత్తది అల్లుతారు. ఆడవాళ్లు గడ్డిని సన్నతాళ్లుగా పేనుతారు, మగవాళ్లు వాటిని కలిపి తొడంత మోకులు చేస్తారు. కరోనా వల్ల ఒక ఏడు అల్లకపోతే 2021లో అది తెగి నదిలో పడింది, అదే ఏడాది మళ్లీ అల్లేశారు. ఏ ఊరి వంతు ఏ మోకు అన్నది ఇప్పటికీ పంచుకునే చేస్తారు. మిటా అంటే ఏమిటో కళ్లతో చూడాలంటే ఆ వంతెన వీడియో చూపిస్తే చాలు.

ఇదంతా చదివి పిల్లలు "అబ్బ, ఎంత మంచి రాజులో" అనుకుంటే అది కూడా మోసమే. అందుకని ఈ వైపు కూడా చెప్పాలి. కొత్త ప్రాంతం మీదికి వెళ్తే ముందు దూతలు, కానుకలు. లొంగితే ఆ నాయకుడి పదవి అతనికే, కాకపోతే కొడుకుల్ని కుస్కోకి పంపాలి. అక్కడ వాళ్లకి కెచువా భాష, కిపులు, రాచమర్యాదలు నేర్పుతారు. చదువూ అదే, తాకట్టూ అదే. ఊరి దేవుడి విగ్రహాన్ని కూడా కుస్కోకి తెచ్చి పూజలు చేస్తారు, తిరగబడితే ఆ దేవుడు వాళ్ల చేతిలో ఉన్నాడుగా మరి. లొంగకపోతే యుద్ధం. తిరగబడే జాతిలో వేల కుటుంబాల్ని పెరికి వందల కిలోమీటర్ల అవతల పారేసి, ఆ ఖాళీలో నమ్మకస్థుల్ని తెచ్చిపెట్టేవాళ్లు. కొచబాంబా లోయలో మొక్కజొన్న పండించడానికి వైనా కపాక్ 14,000 మందిని నానా జాతుల నుంచీ తరలించాడని పాత పత్రాల్లో ఉంది. ఎక్కడికి తోలినా ఎవరి జాతి తలపాగా వాళ్లే కట్టుకోవాలి, మార్చకూడదు. చూడగానే ఎవడెక్కడివాడో తెలియాలి. రాజుగారి ముందుకి ఎంత పెద్ద నాయకుడొచ్చినా చెప్పులు విప్పి, వీపు మీద ఏదో ఒక మూట పెట్టుకుని వంగి రావాలి. పిల్లలకి ఇది చెప్తే నవ్వుతారు, తర్వాత ఎందుకలా అని అడుగుతారు, అడగాలి కూడా.

చచ్చిపోయిన రాజులు కూడా ఆస్తులు వదిలేవాళ్లు కాదు. వాళ్ల శవాల్ని చెడిపోకుండా ఉంచి, వాళ్ల భూములతో, నౌకర్లతో సహా వంశం వాళ్లు చూసుకునేవాళ్లు. కొత్త రాజు తన భూములు తను సంపాదించుకోవాల్సిందే. రాజ్యం అంత వేగంగా పెరగడానికి అదొక కారణం అని కొందరంటారు.

168 మంది స్పెయిన్ వాళ్లు ఇంత రాజ్యాన్ని ఎలా కూల్చారన్నదానికి మీరు తుపాకులు, గుర్రాలు అని రాశారు. అవి ఉన్నాయి. కానీ అంతకుముందే మశూచిలా కనబడే ఏదో జబ్బు వైనా కపాక్‌ని తీసుకుపోయింది, కొడుకులు వాస్కర్, అటవాల్పా కొట్టుకుని దేశాన్ని రెండుగా చీల్చారు. 1532 నవంబరులో కహమార్కా దగ్గర అటవాల్పా పట్టుబడ్డాక వాంకాలు, కన్యారీలు, చాచపోయలు, ఇలా ఇంకాల కింద నలిగినవాళ్లు వచ్చి పిజారో వైపు నిలబడ్డారు. వేలకొద్దీ. ఆ మాట లేకుండా 168 మంది అని మాత్రమే చెప్తే, పిల్లలకి తెల్లవాడంటే మాయగాడు అన్న అర్థం మిగులుతుంది. కొండల్లో విల్కబాంబా అనే చోట ఇంకా రాజుల వారసులు 1572 దాకా నిలబడ్డారన్నది కూడా ఎక్కడా వెయ్యలేదు మీరు.

తిట్టడానికే రాశాననుకోకండి, ఒక పని కూడా అడుగుతున్నాను. 1615 ప్రాంతంలో గ్వామన్ పోమా అనే ఆండీస్ మనిషి స్పెయిన్ రాజుకి దాదాపు 1,200 పేజీల ఉత్తరం రాశాడు (నా ఉత్తరం పొడుగని విసుక్కునేముందు అది గుర్తుచేసుకోండి). అందులో 398 బొమ్మలున్నాయి. అన్నీ తనే వేశాడు. పరిగెత్తే చాస్కీ ఉన్నాడు, గోదాముల ముందు నిలబడి లెక్క చెప్పించుకుంటున్న రాజు ఉన్నాడు, రంగుల కోసం పూలు కోసే చిన్నపిల్లలున్నారు. అసలు ప్రతి కోపెన్‌హేగన్‌లో డెన్మార్క్ రాయల్ లైబ్రరీలో ఉంది, వాళ్లు మొత్తం ఇంటర్నెట్‌లో పెట్టారు, ఎవరైనా చూడొచ్చు. సినిమా పోస్టర్ లాంటి మచు పిక్చు ఫొటోకి బదులు ఈ బొమ్మలు వారానికొకటి వెయ్యండి. మొదట కిపు పట్టుకున్న లెక్కలాయన బొమ్మ వెయ్యండి, పెద్దదిగా. ఆ బొమ్మలో ఎడమవైపు కింద మూల ఒక గళ్ల పలక ఉంటుంది, నిలువున ఐదు, అడ్డంగా నాలుగు గడులు, వాటిలో చుక్కలు. గింజలు పెట్టి కూడికలు చేసే పలక అది, అయితే ఏ గడికి ఎంత విలువ అన్నదాని మీద పండితులకి ఒక్కమాట లేదు. కింద ఆ ప్రశ్నే వేసి, జవాబులు పంపమని పిల్లల్ని అడగండి. మా క్లాసు నుంచి కనీసం పదైనా వస్తాయి, ఆ పూచీ నాది.

ఇట్లు,
ఒక సోషల్ టీచరు,
అనంతపురం జిల్లా